ఇరవై ఆరు తూటాలు

మా ఇంట్లో అంచు అంటే చీర అంచే. మా నాన్న మంగళగిరిలో మగ్గం మీద నేసే చీరలకు సన్నటి జరీ అంచు వచ్చేది. తూటాకు కూడా ఒక అంచు ఉంటుందని, దాని మందం కొలిచి ఏరుకుంటారని డిగ్రీ రెండో ఏడు దాకా నాకు తెలియదు.

విజయవాడలో కాలేజీకి వెళ్ళే రోజుల్లో రైఫిల్ శిక్షణకు పేర్లు ఇమ్మన్నారు. మా క్లాసు నుంచి ఇద్దరం ఇచ్చాం. నేను, వన్ టౌన్ నుంచి వచ్చే ఒక అమ్మాయి. వాళ్ళ నాన్నగారికి వన్ టౌన్‌లో గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. నువ్వెందుకిచ్చావే అని అడిగితే, "ఇంట్లో ఎప్పుడూ వాగుతానని తిడతారు. ఇక్కడైతే నోరు మూసుకుని పడుకోవచ్చుగా" అని నవ్వింది. నేను నవ్వలేదు. స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందని, ఆ తర్వాత ఉద్యోగం కూడా వస్తుందని ఎవరో చెబితే విని ఇచ్చినదాన్ని నేను. వారధి మీదుగా పొద్దున్నే ఒక బస్సు, అక్కడి నుంచి ఆటో. ఆదివారం కూడా ఆగేదాన్ని కాదు.

రేంజి ఊరి చివర ఉండేది. రేకుల షెడ్డు, ఎదురుగా యాభై మీటర్ల దూరంలో ఎత్తైన మట్టికట్ట, దాని ముందు టార్గెట్లు. చాప మీద బోర్లా పడుకుని, మందపాటి జాకెట్ తొడుక్కుని కాల్చాలి. మే నెలలో ఆ జాకెట్ విప్పితే లోపలి చొక్కా పిండుకునేంత తడిసిపోయేది. టార్గెట్ మధ్యలో పది మార్కుల చుక్క చొక్కా గుండీ అంత ఉంటుంది. మొదట్లో పాతికమందిమి ఉండేవాళ్ళం. ఏడాది తిరిగేసరికి మేమిద్దరమే మిగిలాం.

మాకు నేర్పిన సార్ సైన్యంలో పనిచేసి వచ్చినవారు. తూటాల గురించి ఆయన మొదట చెప్పింది కొలతలు కాదు, రుచి. "రైఫిల్ కూడా మనిషి లాంటిదేనమ్మా. దానికి ఏది పడుతుందో తినిపించి చూడాల్సిందే" అనేవారు. ఒకే కంపెనీ, ఒకే రకం తూటాలైనా తయారైన విడతను బట్టి తేడా వస్తుందట. ఆ విడతనే లాట్ అంటారు. పెట్టె పక్కన దాని నంబరు ముద్రించి ఉంటుంది. ఒకరోజు సార్ మూడు లాట్ల పెట్టెలు తెచ్చి, మా రేంజిలో ఉన్న ఒక్క మంచి రైఫిల్‌తో ఒక్కో లాట్ నుంచి పదేసి తూటాలు తెల్ల అట్టల మీద కాల్పించారు. మొదటి అట్ట మీద చిల్లులు గింజలు చల్లినట్టు పడ్డాయి. రెండోది కొంచెం నయం. మూడో అట్ట మీద పది తూటాలూ ఒకదాని మీద ఒకటి పడి ఒకటే చిల్లు, అంచులు చినిగిన చిల్లు. నా స్నేహితురాలు ఆ అట్టను ఎండకు ఎత్తిపట్టి అందులోంచి నన్ను చూసింది.

"ఆ నంబరు రాసుకోండి. ఈ పెట్టెలు అయిపోతే ఈ లాట్ మళ్ళీ దొరకదు" అన్నారు సార్.

అంచు సంగతి ఆ తర్వాత వచ్చింది. మేం వాడే చిన్న తూటాలో నిప్పు పుట్టించే మందు అడుగున ఉండే అంచులోనే ఉంటుంది. రైఫిల్ లోపలి పిన్ను ఆ అంచును కొడితేనే తూటా పేలుతుంది. అంచు ఒకదానికి పలచగా, ఒకదానికి మందంగా ఉంటే దెబ్బ ఒకేలా పడదు, నిప్పు ఒకేలా అంటుకోదు, గుండు ఒకే వేగంతో వెళ్ళదు అని కొందరి నమ్మకం. అందుకని పెద్ద పోటీలకు వెళ్ళేవాళ్ళు తూటాలన్నిటినీ కొలిచి, ఒకే మందం ఉన్నవి ఒకచోట చేర్చుకుంటారని సార్ చెప్పారు. కొలిచే సాధనం విదేశాల నుంచి రావాలన్నారు.

నా స్నేహితురాలు ఆ మాట ఇంట్లో చెప్పింది. రెండు వారాల తర్వాత ఆదివారం వాళ్ళ నాన్నగారు మోపెడ్ మీద రేంజికి వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఏళ్ళ తరబడి భూతద్దం బిగించుకోవడం వల్ల కుడికన్ను చుట్టూ గుండ్రటి గుర్తు పడిపోయింది. సంచిలోంచి ఒక గుడ్డమూట తీసి విప్పారు. పాత డయల్ గేజి ఒకటి, దానికింద ఆయనే తన చిన్న లేతు మీద చెక్కిన ఇత్తడి గొట్టం. తూటాను గొట్టంలోకి జారవిడిస్తే అంచు దగ్గర ఆగుతుంది. ముల్లు కదిలి మందం చూపిస్తుంది.

"తప్పేమన్నా ఉంటే చెప్పండి సార్, సరిచేస్తాను. గడియారం అయితే నాకు తెలుసు గానీ తుపాకీ తెలియదండి" అన్నారు.

సార్ నాలుగు తూటాలు కొలిచి చూసి, ఆయన చేతిని తన రెండు చేతులతో పట్టుకున్నారు.

తూటాలు రేంజి దాటి బయటికి పోకూడదు. అందుకని ఆయనే వచ్చేవారు. వన్ టౌన్ కొట్లకు ఆదివారం సెలవు. షెడ్డు వరండాలో బల్ల వేసుకుని, సార్ కళ్ళ ముందే ఆయన కొలుస్తుంటే నేను పక్కన కూర్చునేదాన్ని. నేను ఆయన్ని బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. ఒక్కో తూటా మూడుసార్లు తిప్పి తిప్పి చూసి అంకె చెప్పేవారు. అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. "ముప్పై తొమ్మిది" అంటే మధ్య తట్టలో వేసేదాన్ని. "ముప్పై ఎనిమిది", "నలభై", అరుదుగా "నలభై ఒకటి". వాటికి వేరే తట్టలు. కూతురికి ఈ పని అంటే విసుగు. తను ఆ టైములో చాప మీద పడుకుని ఖాళీ రైఫిల్‌తో గురి చూసుకుంటూ ఉండేది. నిజానికి అదే ఎక్కువ పనికొచ్చేది. అది నాకు తర్వాత అర్థమైంది.

ఆయన నాకు చాలా చెప్పేవారు. గడియారంలో జుట్టు లాంటి స్ప్రింగు ఎలా పట్టుకోవాలో, ఊపిరి దాని మీద పడకుండా తల ఎలా పక్కకు తిప్పుకోవాలో. మధ్యాహ్నం వాళ్ళావిడ పంపిన టిఫిన్ క్యారియర్ విప్పి మూతలో నాకూ పెట్టేవారు. "మా అమ్మాయికి చెయ్యి మంచిదమ్మా, ఓపిక లేదు. నీకు ఓపిక ఉంది. ఇద్దరూ కలిసి ఒక మనిషైతే బాగుండేది" అని ఒకసారి నవ్వారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. నాకు మాత్రం అందులో మొదటి ముక్కే లోపల దిగబడిపోయింది. చెయ్యి మంచిది తనది.

నిజమే. తను చాప మీద పడుకుంటే రైఫిల్ తన ఒంట్లో ఒక ఎముకలా ఒదిగిపోయేది. నేను గంట కష్టపడి తెచ్చుకునే పది మార్కులు తను మాట్లాడుతూ మాట్లాడుతూ తెచ్చుకునేది. కాల్చగానే టార్గెట్ చూడకుండానే "పది" అనేది. పదే ఉండేది.

డిగ్రీ ఆఖరి ఏడాదిలో రాష్ట్రం జట్టుకు ఎంపిక పోటీ పెట్టారు. మా రేంజి నుంచి ఒక్కరే వెళ్ళాలి. గెలిచినవాళ్ళకే మంచి రైఫిల్ మీద రోజూ సాధన చేసుకునే అవకాశం. రెండోవాళ్ళు పాత రైఫిల్‌తో సర్దుకోవాలి. ఆ పాతదాని గురి నిలకడగా ఉండదని అందరికీ తెలుసు. నాకైతే అది గెలిస్తే సర్టిఫికెట్, దానితో వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణలో సీటు. లేకపోతే ఇంట్లో రాట్నం దగ్గర మా అమ్మ పక్కన కూర్చోవాలి. ఆ పని తక్కువదని కాదు. అప్పుడు నాకు అలా అనిపించింది.

పోటీకి ముందురోజు, ఆదివారం. ఆ మంచి లాట్‌లో మూడు పెట్టెలే మిగిలాయి. నూట యాభై తూటాలు, చెరి డెబ్బై ఐదు. బాబాయ్ గారు పొద్దుటి నుంచి కూర్చుని అన్నీ కొలిచారు. తొంభై నాలుగు ముప్పై తొమ్మిదులు వచ్చాయి. మిగతా యాభై ఆరు అటూ ఇటూ. ఆయన మా ఇద్దరి కోసం చెక్కకు చిల్లులు తొలిచి రెండు బల్లలు చేసి తెచ్చారు. ముందు వరసల్లో చెరి నలభై ఏడు మంచివి, వెనక వరసల్లో చెరి ఇరవై ఎనిమిది మిగతావి. వెనకవి ముందుగా గురి సర్దుకోవడానికి వాడుకుని, లెక్కకు వచ్చే కాల్పుల్లో వీలైనన్ని మంచివి వాడుకోవాలని మా ఒప్పందం.

సాయంత్రం నాలుగున్నర అయ్యుంటుంది. నా స్నేహితురాలు షెడ్డు అవతల రైఫిల్ తుడుచుకుంటోంది. సార్ లోపలి గదిలో కాగితాలు చూసుకుంటున్నారు. బాబాయ్ గారు పంపు దగ్గర చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కుని వచ్చారు. "అమ్మా, ఇవి చూస్తూ ఉండు. నమాజ్ చేసుకుని వస్తాను" అని వరండా ఆ చివర తువ్వాలు పరిచి, పడమటి వైపు తిరిగి నిలబడ్డారు.

రెండు బల్లలూ నా ముందు ఉన్నాయి.

తూటాలన్నీ ఒకేలా ఉంటాయి. కంటితో చూసి ఏది ముప్పై తొమ్మిదో ఏది నలభయ్యో చెప్పగలిగే మనిషి లేడు. నా వెనక వరసల్లోంచి ఒకటి తీశాను. తన ముందు వరసలోంచి ఒకటి తీశాను. మార్చాను. ఒక్కటే అనుకున్నాను. తూటాల మీది మైనం వేళ్ళకు అంటుకుంటోంది. ఆయన వంగారు, లేచారు, నుదురు నేలకు ఆనించారు. నేను మారుస్తూనే ఉన్నాను. ఇరవై ఆరు లెక్కపెట్టాను. ఇరవై ఏడో దాని మీద చెయ్యి వేసేసరికి ఆయన ముఖం కుడివైపుకు తిప్పారు. నమాజ్ చివర్లో అలా కుడికీ ఎడమకూ తిప్పుతారని నాకు అప్పుడు తెలియదు. నన్ను చూశారనుకుని చచ్చిపోయినంత పనైంది. ఆయన నన్ను చూడలేదు. లేచి తువ్వాలు మడతపెట్టుకుంటూ వచ్చి, "మీ ఇద్దరి కోసం దువా చేశాను" అన్నారు.

మర్నాడు పొద్దున ముందు తను కాల్చింది. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. మొదటి ఇరవై బాగా వెళ్ళాయి. ఆ తర్వాత తను "పది" అంది. తొమ్మిది వచ్చింది. మళ్ళీ "పది" అంది. తొమ్మిది. తను తల ఎత్తి రైఫిల్ వంక చూసింది. కాసేపటికి ఎనిమిది ఒకటి పడింది. తన కాల్పుల్లో ఎనిమిది నేను అంతకు ముందు చూడలేదు. అప్పటి నుంచి తను అంకె చెప్పడం మానేసింది. ఆ తర్వాత అదే రైఫిల్‌తో నేను కాల్చాను. ఏం చేశానో గుర్తులేదు. ఫలితం మాత్రం గుర్తుంది. ఒక్క పాయింటు తేడాతో నేను గెలిచాను.

తను వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. "పోన్లేవే, నువ్వేగా వెళ్తున్నావ్. వేరేవాళ్ళు కాదుగా" అంది.

ఆ తర్వాతి ఆదివారం బాబాయ్ గారు ఒక్కరే వచ్చారు. గుడ్డమూట విప్పి గేజి బల్ల మీద పెట్టారు గానీ కొలవడానికి ఏమీ అడగలేదు.

"అమ్మా, ఆ రోజు నేను చెప్పిన అంకెలు నీకు సరిగ్గానే వినిపించాయా? ఏదన్నా తట్ట మారిందేమో."

ఆయన నన్ను అనుమానించి అడగలేదు. అది ఆయన గొంతులోనే తెలిసిపోయింది. నేను అవునంటే ఆయన నా పొరపాటును కూడా తనమీదే వేసుకుని, గట్టిగా చెప్పాల్సింది నేనే కదా అని ఉండేవారు. చెప్పడానికి అంతకన్నా సులువైన క్షణం నాకు మళ్ళీ దొరకలేదు.

"సరిగ్గానే విన్నాను బాబాయ్ గారూ" అన్నాను.

ఆయన తల ఊపారు. "అయితే నా కన్నేనమ్మా" అన్నారు. మూట కట్టుకుని వెళ్ళిపోయారు.

నా స్నేహితురాలు మరో మూడు వారాలు వచ్చింది. పాత రైఫిల్‌తో కాల్చేది, చిల్లులు చూసుకునేది, నవ్వేది. తర్వాత రాలేదు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరానని ఫోన్‌లో చెప్పింది. నేను పై పోటీకి వెళ్ళి మధ్యలో ఎక్కడో నిలిచాను. సర్టిఫికెట్ వచ్చింది, సీటు వచ్చింది, తర్వాత ఒక హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. ఇవాళ నేను తింటున్న అన్నం ఆ ఒక్క పాయింటుదే.

కొన్నాళ్ళకు వన్ టౌన్ వెళ్ళినప్పుడు ఆయన కొట్టు మూసి ఉంది. పక్కన అడిగితే, ఆయన ఇప్పుడు బట్టల హోల్‌సేల్ దుకాణంలో తానులు మడతపెడుతున్నారని చెప్పారు. ఇప్పుడందరూ సెల్‌ఫోన్‌లోనే టైము చూసుకుంటున్నారు, ఇంక గడియారాలు ఎవరు బాగుచేయించుకుంటారు అనుకున్నాను. ఆ కారణం నాకు చాలా నచ్చింది. చాలా ఏళ్ళు దాన్నే పట్టుకుని ఉన్నాను.

తన పెళ్ళికి వెళ్ళాను. ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గర ఆయన నిలబడి ఉన్నారు. నన్ను చూసి ముఖం వికసించింది. దగ్గరుండి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, బిర్యానీ ఆయనే వడ్డించారు. "బాగా ఆడుతున్నావా అమ్మా?" అని అడిగారు. ఆ కుడికన్ను చుట్టూ గుర్తు దాదాపు పోయింది. అదొక్కటి గమనించాను. పెట్టిందంతా తిన్నాను, ఆయన చూస్తున్నారని.

ఆ తర్వాత తను పామర్రులో కాపురం పెట్టింది. పండక్కి ఒకరికొకరం మెసేజిలు పెట్టుకునేవాళ్ళం. ఆయన పోయారని కూడా మెసేజిలోనే తెలిసింది. నేను ఫోన్ చేస్తే, "నాలుగు రోజులే ఉన్నారే ఆస్పత్రిలో" అంది.

ఇప్పుడు నేను సెలవు రోజుల్లో అదే రేంజిలో నేర్పిస్తున్నాను. సార్ లేరు, వాళ్ళ సొంతూరు వెళ్ళిపోయారు. రెండేళ్ళ క్రితం మా దగ్గర నేర్చుకునే ఒక బ్యాంకు ఉద్యోగిని అడిగింది. "మేడమ్, అంచులు కొలిచి ఏరుకుంటే నిజంగా తేడా వస్తుందాండీ?" వస్తుందని చెప్పబోయి ఆగాను. అప్పటిదాకా నేను ఎప్పుడూ పరీక్షించి చూడలేదు. చూడాలని అనుకోకపోవడానికి నాకు కారణం ఉంది.

ఆ వారం కొత్త రైఫిల్‌ను బిగింపులో కట్టి, మనిషి చెయ్యి తగలకుండా చేసి కాల్పించాను. ఒకే లాట్. కొలిచి ఏరిన యాభై ఒక అట్ట మీద, కావాలని అన్ని మందాలూ కలిపిన యాభై మరో అట్ట మీద. రెండు అట్టలూ పక్కపక్కన పెడితే ఏది ఏదో నేనే చెప్పలేకపోయాను. మరో రెండు వారాలు అలాగే చేశాను. అదే ఫలితం. లాట్ మారిస్తే మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. లాట్ మంచిదైతే, మా తూటాల్లో అంచు మందం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఇది మా రైఫిల్ సంగతి. వేరేవాళ్ళకు వేరేలా రావచ్చు.

మొదట నాకు కలిగింది సంతోషం. దాచుకోను. గుండెల మీంచి ఏదో దింపినట్టు, షెడ్డు బయటికి వచ్చి గట్టిగా గాలి పీల్చుకున్నాను. అయితే నా వల్ల తను ఓడిపోలేదు! ఆ రోజు తన చెయ్యే తడబడి ఉంటుంది. లేదా గాలి వీచి ఉంటుంది. ఆ సంతోషం ఆటో ఎక్కేదాకా ఉంది. ఆటోలో కూర్చున్నాక "అయితే నా కన్నేనమ్మా" అన్న మాట చెవిలో పడింది. ఆయన కొలిచిన కొలత సరైనది. అది తప్పినా నష్టం లేదు. ఆ రెండూ తెలియకుండానే ఆయన వెళ్ళిపోయారు.

ఆ శనివారం పామర్రు బస్సెక్కాను. రోడ్డుకు రెండు వైపులా నాట్లు వేసిన చేలు. తను ఒక క్లినిక్‌లో ల్యాబ్‌లో పనిచేస్తోంది, మధ్యాహ్నం ఇంట్లో ఉంటానంది. వాళ్ళాయన పనిమీద బయటికి వెళ్ళారు. తను బాగా ఒళ్ళు చేసింది. నవ్వు మాత్రం అదే.

"ఏంటే, ఉన్నట్టుండి ఇన్నేళ్ళకి! ఉండు, టీ పెడతా" అంది.

టీ తాగేదాకా ఆగి చెప్పాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో వారమంతా అనుకున్నాను గానీ, చివరికి అడ్డదిడ్డంగానే వచ్చింది. తను మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక గ్లాసు కింద పెట్టి అడిగింది.

"ఎన్ని మార్చావ్?"

"ఇరవై ఆరు."

"ఎప్పుడు? నేను అక్కడే ఉన్నాగా."

"నువ్వు రైఫిల్ తుడుస్తున్నావ్. బాబాయ్ గారు నమాజులో ఉన్నారు."

తను కిటికీ వైపు తిరిగింది. నేను తొందరపడి పరీక్ష సంగతి కూడా చెప్పేశాను. దానివల్ల తేడా ఏమీ లేదని, మూడు వారాలు చేసి చూశానని. తనకు ఊరట కలుగుతుందనుకున్నాను. ఊరట కావాల్సింది నాకే.

"అంటే, నువ్వు మార్చకపోయినా నేను ఓడిపోయేదాన్నేమో" అంది.

"ఏమో. తెలీదే."

"నేను ఓడిపోతే పోయానే. ఆ సంగతి నేను ఎప్పుడో మర్చిపోయాను." గొంతు పెరగలేదు. "నీకు ఇంకోటి తెలీదు. ఆ రోజు ఇంటికెళ్ళి అబ్బాని అన్నాను. అందరి ముందూ అన్నాను. మీ కళ్ళు పోయాయి అబ్బా, మీరు కొలిచింది నమ్ముకుని మునిగిపోయాను, ఇంక ఎవరి గడియారం ముట్టుకోకండి, వాళ్ళవి కూడా పాడుచేస్తారు అన్నాను."

తను చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"మర్నాటి నుంచి కొట్లో ఉన్న గడియారాలన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేశారు. కళ్ళు సరిగ్గా కనపడట్లేదండి, వేరేచోట చూపించుకోండి అని ఒక్కొక్కళ్ళకీ చెప్పి. మా అమ్మ ఎంత మొత్తుకుందో. నేనూ వద్దన్నానే తర్వాత. కోపంలో అన్నాను అబ్బా, వదిలెయ్యండి అన్నాను. వినలేదు. ఎందుకంటే తప్పు ఆయనదేనని నేను నమ్ముతున్నానని ఆయనకి తెలుసు. నమ్మాను కూడా. మొన్నటిదాకా. ఇవాళ పొద్దున దాకా నమ్మాను."

వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు. తను చున్నీతో ముఖం తుడుచుకుంది.

"ఆస్పత్రిలో మూడో రోజు నా చెయ్యి పట్టుకుని మాఫ్ చెయ్ బేటీ అన్నారు. దేనికబ్బా అన్నాను. ఆ రోజు నీ ఆట పాడుచేశాను అన్నారు. నేనేమన్నానో తెలుసా? పోనివ్వండి, ఎప్పటి సంగతో అన్నాను. తప్పు మీది కాదబ్బా అని అనలేదు. నాకు తెలీదుగా మరి. క్షమించినట్టు మాట్లాడాను, ఆయన్ని."

నేను తన చెయ్యి పట్టుకోబోయాను. మెల్లగా తీసేసుకుంది.

"ఇది నాకు కాదే చెప్పాల్సింది. ఆయనకి చెప్పాల్సింది. రెండేళ్ళ ముందు వచ్చినా సరిపోయేది."

"ఒకసారి ఆయనే వచ్చి అడిగారు. తట్టలు మారాయా అని. లేదన్నాను" అన్నాను. అది చెప్పకుండా లేచి వచ్చేస్తే మళ్ళీ మోసం చేసినట్టే అనిపించింది.

తను కోప్పడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. తిట్టలేదు. లేచి గ్లాసులు లోపల పెట్టి వచ్చింది. "నీ బస్సుకి టైమవుతోంది, పద" అంది.

బస్టాండు దాకా నాతో నడిచింది. దారిలో ఎదురైన ఒకామె పలకరిస్తే ఆగి, వాళ్ళ అబ్బాయి రక్తపరీక్ష రిపోర్టు గురించి మామూలుగా మాట్లాడింది. నన్ను "మా కాలేజీ ఫ్రెండ్" అని చెప్పింది. బస్సు వచ్చి ఆగాక, నేను మెట్టు మీద కాలు పెట్టబోతుంటే అంది.

"ఇంకెప్పుడూ రావద్దని అనను. కానీ ఇప్పట్లో రావద్దే. నాకు నీమీద ఎంత కోపముందో, నామీద ఎంతుందో ఇంకా తెలియట్లేదు. అది తెలిసేదాకా నిన్ను చూడలేను."

సరేనన్నాను. బస్సు కదిలేదాకా తను అక్కడే నిలబడింది, నా వైపు చూడకుండా.

అది జరిగి ఏడాదిన్నర దాటింది. పండక్కి నేను మెసేజ్ పెట్టలేదు. తనూ పెట్టలేదు. వన్ టౌన్‌లో వాళ్ళమ్మగారు కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆవిడ దగ్గరికి వెళ్ళి ఈ సంగతి చెప్పాలా వద్దా అని ఆ వీధి మొదటి దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆవిడ భర్త గురించి నిజం తెలుసుకునే హక్కు ఆవిడకు ఉంది. ఆ నిజంలో ఆవిడ కూతురు అన్న మాట కూడా ఉంది. దాన్ని మళ్ళీ బయటికి తీసే హక్కు నాకు లేదు. తన అనుమతి లేకుండా వెళ్ళకూడదని చివరికి నిర్ణయించుకున్నాను. అది మర్యాదో, మళ్ళీ పిరికితనమో నేను చెప్పలేను.

రేంజికి మాత్రం వెళ్తూనే ఉన్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు అంచులు కొలవాలా అని అడిగితే, అక్కర్లేదు, లాట్ చూసుకోండి, మిగతా టైము చాప మీద గడపండి అని చెబుతాను. ఎందుకు అంత గట్టిగా చెబుతున్నారని ఎవరూ అడగలేదు.